గులాబీల దారిలో గుర్రాలు

నవంబరు మొదటి మంగళవారం మధ్యాహ్నం మూడు గంటలు కొట్టేసరికి మెల్‌బోర్న్‌లో ఎక్కడి పని అక్కడ ఆగిపోతుంది. ఆ రోజు నగరానికి ప్రభుత్వ సెలవు. కారణం ఒక గుర్రప్పందెం. 1861లో మొదలైన మెల్‌బోర్న్ కప్ ఫ్లెమింగ్టన్ మైదానంలో 3200 మీటర్ల దూరానికి జరుగుతుంది. దిగేవి మహా అయితే 24 గుర్రాలు. మూడున్నర నిమిషాల లోపే అంతా అయిపోతుంది. 1990లో కింగ్‌స్టన్ రూల్ అనే గుర్రం 3 నిమిషాల 16.3 సెకన్లలో గీత దాటింది. ఆ రికార్డును ఇప్పటికీ ఏ గుర్రమూ చెరపలేదు. 2003లో ఆ ఒక్కరోజే 1,22,736 మంది మైదానానికి వచ్చారు. ఒక చేత్తో పిల్లల్నీ, ఇంకో చేత్తో పెద్దవాళ్లనీ పట్టుకుని నడవాల్సిన ఇంటికి అది వెళ్లదగ్గ రోజు కాదు.

వెళ్లదగ్గ రోజు ఆ వారం చివర్లో వచ్చే శనివారం.

ఫ్లెమింగ్టన్ వసంతోత్సవం నాలుగు రోజులు సాగుతుంది. ముందు శనివారం డెర్బీ డే, మంగళవారం కప్పు, గురువారం ఓక్స్ డే, తర్వాతి శనివారం స్టేక్స్ డే. ఒక్కోరోజుకి ఒక్కో పువ్వు. డెర్బీకి నీలి కార్న్‌ఫ్లవర్, కప్పుకి పసుపు గులాబీ, ఓక్స్‌కి లేత గులాబీరంగు పువ్వు, స్టేక్స్‌కి ఎర్ర గులాబీ. మొదటి మూడు రోజులూ టోపీలు, సూట్లు, షాంపేన్ గ్లాసుల సందడి. చివరి శనివారం మాత్రం చాలా ఏళ్లుగా పిల్లాపాపలతో వచ్చేవాళ్లది. అలాగని పందేలు చిన్నవి కావు. ఛాంపియన్స్ స్ప్రింట్, ఛాంపియన్స్ మైల్, ఛాంపియన్స్ స్టేక్స్ అనే మూడు పెద్ద పందేలు ఆ రోజే. 2024లో కాక్స్ ప్లేట్ అనే మరో పెద్ద పందేన్ని ఎనిమిది గుర్రాల పొడవు తేడాతో గెలిచిన వయా సిస్టినా అనే ఆడగుర్రం, ఆ వెంటనే ఈ శనివారమే ఛాంపియన్స్ స్టేక్స్ కూడా ఎగరేసుకుపోయింది.

మెల్‌బోర్న్ పడమటి శివారు టార్నీట్‌లో సరుకుల దుకాణానికి వెళ్లి తెలుగు వినబడకుండా తిరిగి రావడం కష్టం. అక్కడ ఉద్యోగాలు చేసుకుంటున్న ఒక జంట, ఎనిమిదేళ్ల కూతురు, కిండర్‌గార్టెన్ వయసు కొడుకు, అద్దంకి దగ్గరి పల్లె నుంచి కూతురింట్లో కొన్నాళ్లు ఉండిపోదామని వచ్చిన అమ్మమ్మ, తాతయ్య కలిసి ఆ శనివారం ఫ్లెమింగ్టన్ బయల్దేరారు. బయల్దేరడం అంత తేలిగ్గా ఏమీ జరగలేదు.

“రేసులా? ఆస్తులు కరగబెట్టుకునేవాళ్లు పోయే చోటుకి పిల్లల్ని ఏసుకుని పోవడమేందమ్మాయ్?” అని తాతయ్య ముందురోజు రాత్రే తేల్చేశారు.

“పందెం కాయడానికి కాదు నాన్నా, గుర్రాల్ని చూడ్డానికి. ఒక్క డాలరు కూడా కాయం. సరేనా?” అంది కూతురు.

“మాట మీద ఉండాలి మరి” అన్నారాయన. అల్లుడి వైపు కూడా ఓసారి చూశారు. “నాదీ అదే మాట మామయ్యా” అని అతను నవ్వాడు.

ఆయన భయంలో తప్పు లేదు. తెలుగు దేశానికి గుర్రప్పందేలు కొత్తవి కావు. మౌలాలిలో జరిగే రేసుల్ని ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ 1886లో తన ప్యాలెస్‌కి దగ్గరగా ఉంటుందని మలక్‌పేటకి మార్పించారు. ఇవాళ్టికీ హైదరాబాద్ రేస్ క్లబ్ అక్కడే నడుస్తోంది. ఏటా అక్టోబర్ 2న డెక్కన్ డెర్బీ అక్కడే. అయినా ఊళ్లలో మలక్‌పేట పేరు వినబడేది ఎవరో పొలం అమ్ముకున్న కథలోనే. ఆస్ట్రేలియాలో ఆ భయం ఇంకా ఎక్కువ ఉండాలి. తలసరి లెక్కన జూదంలో ప్రపంచంలోకెల్లా ఎక్కువ డబ్బు పోగొట్టుకునేది ఈ దేశస్థులే. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లు పందెం కాయకూడదని చట్టం ఉంది. కానీ ప్రకటనలకి వయసుతో పని లేదు, అవి పిల్లల కళ్లముందే ఉంటాయి. కాబట్టి ఇంటినుంచే ఒక నియమం పెట్టుకుని బయల్దేరడం మంచిదే.

టార్నీట్‌లో వీ/లైన్ ప్రాంతీయ రైలెక్కి సదరన్ క్రాస్ స్టేషన్‌లో దిగితే, పందేల రోజుల్లో మాత్రమే నడిచే ఫ్లెమింగ్టన్ రేస్‌కోర్స్ రైలు అక్కడ సిద్ధంగా ఉంటుంది. ఆ రేస్‌కోర్స్ స్టేషన్‌కి మామూలు రోజుల్లో పని లేదు. రైలు దిగినవాళ్లు నేరుగా మైదానం గేటు ముందే ఉంటారు. బోగీలో ఎర్ర గులాబీ గుచ్చుకున్న కోట్లు, ఈకల టోపీలు, పిల్లల బండ్లలో పాపాయిలు. అమ్మమ్మ మంగళగిరి చీరకట్టి, మనవరాలు కోసి ఇచ్చిన ఎర్ర గులాబీ కొప్పులో పెట్టుకున్నారు. ఎదురు సీట్లో కూర్చున్న ముసలావిడ ఆ చీర అంచుని తాకి చూడొచ్చా అని అడిగి మరీ చూసింది.

ఈ మైదానంలో బట్టల గురించి పెద్ద రగడే జరిగింది ఒకప్పుడు. 1965 డెర్బీ డేకి ఇంగ్లండ్ నుంచి వచ్చిన మోడల్ జీన్ ష్రింప్టన్ మోకాళ్లపై దాకా ఉన్న గౌను వేసుకుని, టోపీ, చేతి తొడుగులు, మేజోళ్లు లేకుండా వచ్చేసరికి ఊరి పెద్దమనుషులంతా విస్తుపోయారు. పందెం గెలిచిన గుర్రం కన్నా ఆమె ఫొటోలే ఎక్కువ తిరిగాయి. ఇవాళ ఇక్కడ చీర కట్టినా ఎవరూ అడ్డుచెప్పరు. స్టేక్స్ డేలో అయితే అసలే పట్టింపులు తక్కువ.

గేటు దాటాక మొదట ఆగాల్సింది ఫార్ ల్యాప్ కంచు విగ్రహం దగ్గర. గుర్రం ఎంత పొడుగుండేదో విగ్రహమూ అంతే ఎత్తు. 1926లో న్యూజిలాండ్‌లో పుట్టిన ఈ ఎర్రగుర్రం మహామాంద్యం రోజుల్లో ఆస్ట్రేలియా ప్రజలకి ఉన్న ఒక్క ఆశ. 1930 నవంబరు 1న, అంటే కప్పుకి మూడు రోజుల ముందు, ఉదయం సాధన ముగించుకుని వస్తుంటే ఎవరో కారులోంచి దాని మీద తుపాకి పేల్చారు. గుండు తగల్లేదు. ఆ మధ్యాహ్నమే అది ఒక పందెం గెలిచింది. మంగళవారం 62 కిలోలకి పైగా బరువు మోస్తూ కప్పు గెలిచింది. 1932 మార్చిలో మెక్సికోలో మరో పెద్ద పందెం గెలిచి, పదహారు రోజులకే కాలిఫోర్నియాలో చనిపోయింది. దాని గుండె బరువు 6.2 కిలోలు. మామూలు గుర్రానిది నాలుగు కిలోల లోపు. ఆ గుండెని కాన్‌బెరాలోని జాతీయ మ్యూజియంలో భద్రపరిచారు.

“గుండెని దాచారా తాతయ్యా?” అని మనవరాలు రెండుసార్లు అడిగింది. తాతయ్య విగ్రహం చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, ముందుకాళ్ల దగ్గర ఆగి, “ఛాతీ చూడు, ఎంత ఎడం ఉందో. గాలి పట్టే గుర్రం” అన్నారు. ఆయన మాట్లాడ్డం మొదలైంది అక్కడే.

ఫ్లెమింగ్టన్ అసలు సంపద స్టాండుల్లో లేదు, వాటి వెనక ఉంది. గుర్రాలు తమ గదుల నుంచి, జాకీలు వాటిని ఎక్కే మౌంటింగ్ యార్డుకి నడిచివచ్చే దారి ఒకటుంది. రెండు వైపులా గులాబీ పొదలు, ఆ పొదల వెనక జనం. మైదానం మొత్తంలో గులాబీ మొక్కలు వేలల్లో ఉన్నాయి, కప్పు వారానికి సరిగ్గా విరబూసేలా తోటమాలులు చలికాలంలోనే వాటిని కత్తిరించి సిద్ధం చేస్తారు. ఆ పొదల మీదుగా చెయ్యి చాస్తే అందేంత దగ్గరగా గుర్రం వెళుతుంది. చెయ్యి చాచకూడదు, అది వేరే సంగతి.

మొదటి రేసుకి ముందు ఆ ఆరుగురూ అక్కడ నిలబడ్డారు. ముందుగా వచ్చింది ఒక నల్లటి ఆడగుర్రం. పక్కన స్ట్రాపర్, అంటే దాన్ని రోజూ కడిగి, మేపి, నడిపించే అమ్మాయి, కళ్లెం తాడు పొట్టిగా పట్టుకుని ఏదో చెబుతూ నడుస్తోంది. దువ్వెనతో వెనక తొడల మీద గళ్లు గళ్లుగా వెంట్రుకలు దువ్వారు. ఎండ పడినప్పుడు ఆ గళ్లు మెరిశాయి. మెడ చర్మం కింద నరాలు పైకి తేలి ఉన్నాయి. ముక్కుపుటాలు తెరుచుకుని మూసుకుంటున్న ప్రతిసారీ లోపలి ఎరుపు కనబడింది. నాలుకని కింది దవడకి మెత్తటి పట్టీతో కట్టారు, పరుగులో అది గొంతుకి అడ్డం పడకుండా. నడకలో చప్పుడు తేలిగ్గా ఉంది. కాళ్లకి ఉన్నవి ఇనప నాడాలు కావు, పందేలకి వేసే అల్యూమినియం నాడాలు. ఇంకో మగగుర్రం మెడ మీద, కళ్లెం వారు రాసుకునే చోట చెమట తెల్లగా నురగ కట్టింది.

“ఇది రేసుకి ముందే పరిగెత్తేసింది. నిలవదు” అన్నారు తాతయ్య. ఒంగోలు గిత్తల బండలాగుడు పందేలకి చిన్నప్పట్నుంచీ వెళ్లిన కన్ను ఆయనది. గిత్త బరిలోకి వచ్చేముందు ఎలా నిలబడింది, చెవులెటు తిప్పింది, వెనకకాలు ఎక్కడ మోపింది అన్నవి చూసి ఊళ్లో పెద్దలు చెప్పే జోస్యాలు ఆయనకి కొట్టినపిండి. నురగ కట్టిన ఆ గుర్రం చివరినుంచి రెండోదిగా వచ్చింది. అల్లుడు “మామయ్యా, మీరు ఇక్కడే ఉద్యోగం చూసుకోవచ్చు” అంటే ఆయన మీసం దువ్వుకున్నారు.

ఆ దారి పక్కనే తెలిసిన మరో సంగతి పిల్లలకి బాగా నచ్చింది. ఆస్ట్రేలియాలో పందెపు గుర్రాలన్నింటికీ పుట్టినరోజు ఒకటే, ఆగస్టు 1. అసలు ఏ నెలలో పుట్టినా ఆ రోజుతో ఏడాది నిండినట్టు లెక్క. వంశం సంగతి ఇంకా విచిత్రం. ప్రపంచంలోని థరోబ్రెడ్ జాతి పందెపు గుర్రాలన్నీ మగవైపు నుంచి చూస్తే ముగ్గురు పూర్వికులకే చేరతాయి: బయర్లీ టర్క్, డార్లీ అరేబియన్, గొడాల్ఫిన్ అరేబియన్. ఎర్రకోటు వేసుకుని తెల్లగుర్రం మీద తిరిగే క్లర్క్ ఆఫ్ ద కోర్స్ అయితే బుడతడికి ఆ రోజు హీరో అయిపోయాడు. పందెపు గుర్రాలని దారిలో పెట్టడం, బెదిరి పారిపోయినదాన్ని పట్టితేవడం ఆయన పని.

పందెం కాయని ఇంటికి మైదానంలో తోచదని అనుకోవడం పొరపాటు. ఆస్ట్రేలియాలో ఆఫీసుల్లో, బళ్లలో కప్పురోజు గుర్రాల పేర్లు చీటీల మీద రాసి తలా ఒకటి తీసుకునే అలవాటుంది. ఈ కుటుంబం డబ్బు తీసేసి చీటీలు మాత్రం ఉంచుకుంది. గెలిచిన చీటీ ఎవరిదైతే వాళ్లు తర్వాతి తినుబండారం ఏంటో చెప్పాలి. చీటీలు అమ్మమ్మ చేతిసంచిలో. ఛాంపియన్స్ స్ప్రింట్‌లో ఆమెకి వచ్చిన గుర్రం ఆఖరున చేరింది. ఆమె మాత్రం “అదైనా పాపం చివరిదాకా వచ్చింది కదా” అని దానికే చప్పట్లు కొట్టారు.

ఆ స్ప్రింట్ ఫ్లెమింగ్టన్‌లో తప్పక చూడాల్సిన పందెం. మిగతా పందేలు చాలావరకు 2300 మీటర్లకి పైగా చుట్టుకొలత ఉన్న గుండ్రటి దారిలో, గడియారానికి ఎదురు దిశలో తిరుగుతాయి. ఇది మాత్రం 1200 మీటర్ల తిన్నటి దారి, ఒక్క మలుపూ లేదు. గేట్లు తెరుచుకున్నప్పుడు గుర్రాలు కిలోమీటరుకి పైగా దూరంలో చిన్న రంగుచుక్కలు. అవి ఎదురుగా వస్తాయి కాబట్టి ఏది ముందుందో తెలియదు. కొన్ని ఈ కంచె వారగా, కొన్ని ఆ కంచె వారగా రెండు గుంపులుగా చీలిపోతాయి కూడా. చివరి మూడువందల మీటర్లలో ముందు నేల అదురుతుంది, తర్వాత చప్పుడు వినబడుతుంది, ఆ తర్వాతే జాకీల చొక్కాల రంగులు విడివిడిగా కనబడతాయి. మొత్తం డెబ్బై సెకన్లు ఉంటుందేమో. గంటకి అరవై కిలోమీటర్లు దాటిన వేగాన్ని కంచె పక్కన నిలబడి చూసినవాళ్లకి టీవీలో చూసిన పందెం ఇక ఆనదు.

రెండు పందేల మధ్య ముప్పై అయిదు, నలభై నిమిషాలు ఖాళీ. పొద్దంతా కలిపినా పరుగు పావుగంటకి అటూఇటూ. రేసు రోజంటే నిజానికి ఆ ఖాళీల్లో జరిగేదే, దాన్ని బెట్టింగ్ కిటికీ ముందు వరసలో గడిపేసేవాళ్లు సగం చూడకుండానే ఇంటికెళ్తారు. పందెం అయ్యాక పనివాళ్లు వరసగా నడుస్తూ డెక్కలకి లేచిన పచ్చిక పెళ్లల్ని తిరిగి గుంటల్లో పెట్టి అదుముతారు. జాకీలు జీను చంకన పెట్టుకుని తూకం ఎక్కుతారు, బయల్దేరినప్పటి బరువుతో సరిపోతే తప్ప ఫలితం ఖాయం కాదు, ఎవరికీ డబ్బు రాదు. నేల పదును కూడా కొలుస్తారు. గట్టి నేలకి 1, బురద నేలకి 10 చొప్పున అంకె వేసి ఉదయమే ప్రకటిస్తారు. వాన పడితే ఆ అంకె మధ్యాహ్నానికి మారుతుంది. ఆ రోజు రెండు జల్లులు పడ్డాయి, రెండింటి మధ్య మాడే ఎండ. మెల్‌బోర్న్‌లో నవంబరు అంటే అంతే. పచ్చిక మీద పరిచిన దుప్పటి మడిచి, మళ్లీ పరిచి, పులిహోర, అరటిపళ్లు అక్కడే కానిచ్చారు.

అమ్మమ్మని ఆపేసిన దృశ్యం తూకం దగ్గర ఎదురైంది. హెల్మెట్ తీసి జుట్టు సవరించుకుంటున్న జాకీ ఆడపిల్ల. “మగాళ్లతో కలిసే పరిగెత్తిస్తారా?” అని ఆవిడ అడిగారు. అవును, వేరే వరస ఏమీ లేదు, అదే పందెం, అదే బహుమతి. 2015లో మిషెల్ పేన్ మెల్‌బోర్న్ కప్ గెలిచిన మొదటి మహిళా జాకీ అయింది. ఆమె ఎక్కిన ప్రిన్స్ ఆఫ్ పెన్జాన్స్ మీద నమ్మకం ఎంత తక్కువంటే ఒక డాలరు కాస్తే వంద వచ్చే ధర. పదిమంది తోబుట్టువుల్లో ఆఖరిది ఆమె. ఆ గుర్రానికి స్ట్రాపర్ ఆమె అన్న స్టీవీ, డౌన్ సిండ్రోమ్‌తో పుట్టినవాడు. ఏ గుర్రం ఏ గేటు నుంచి బయల్దేరాలో తేల్చే చీటీ తీయడానికి వేదికెక్కి, ఒకటో నంబరు తీశాడు. 2019లో వాళ్ల కథ సినిమాగా వస్తే స్టీవీ తన పాత్ర తానే వేశాడు. 2025లో హాఫ్ యువర్స్ మీద జేమీ మెల్హమ్ గెలిచి ఆ వరసలో రెండో మహిళ అయింది. కూతురు ఇవన్నీ చెబుతుంటే అమ్మమ్మ ఆ జాకీ వెనక్కి తిరిగేదాకా చూస్తూ నిలబడి, తిరగ్గానే నమస్కారం పెట్టారు. ఆ అమ్మాయి కూడా చేతులు జోడించింది.

మనవరాలి ప్రశ్న వేరు. “కొడితే దానికి నొప్పి కదా?”

ఈ ప్రశ్నని దాటవేయకూడదు. ఇక్కడి నియమాల ప్రకారం జాకీ చేతిలో ఉండాల్సింది మెత్త తొడిగిన కొరడా, ఆఖరి వంద మీటర్లకి ముందు అయిదుసార్లకి మించి వాడకూడదు, వాడితే శిక్ష. చర్నాకోల చప్పుళ్ల మధ్య పెరిగిన తాతయ్య “లెక్క పెడతారా!” అని ఆశ్చర్యపోయారు. అయినా అదీ వద్దని పోరాడేవాళ్లు మెల్‌బోర్న్‌లోనే చాలామంది ఉన్నారు. అంతకన్నా పెద్ద బాధ గాయాలు. 2019లో ఇంగ్లండ్‌లోని ఎప్సమ్ డెర్బీ గెలిచిన ఆంథనీ వాన్ డైక్ 2020 మెల్‌బోర్న్ కప్పులో కాలు విరిగి ప్రాణం పోగొట్టుకుంది. అంతకుముందు కొన్నేళ్లలోనూ ఇలాంటి మరణాలున్నాయి. ఆ తర్వాత కప్పులో దిగే గుర్రాలకి ముందుగా కాళ్ల స్కానింగ్ తప్పనిసరి చేశారు. ఎనిమిదేళ్ల పిల్లకి ఈ సంగతులు తల్లి దాచకుండా చెప్పింది. ఆ పిల్ల కాసేపు మాట్లాడలేదు. తర్వాతి పందెంలో ఎవరు గెలిచారో చూడకుండా గుర్రాలన్నీ నిలబడే ఉన్నాయా అని లెక్కపెట్టింది. అన్నీ ఉన్నాయి. గుర్రాన్ని ప్రేమించే ప్రేక్షకులు పెరిగితే ఈ ఆటలో నియమాలు ఇంకా మారతాయి.

చివరి రేసు అయ్యేవరకు ఆగితే తిరుగు రైలులో కూర్చోడానికి చోటు దొరకదు. పెద్దవాళ్లున్న ఇళ్లవాళ్లు ఒక పందెం వదులుకుని ముందే కదలడం మేలు. వీళ్లు అదే చేశారు. రైల్లో బుడతడు నిద్రపోయాడు. తాతయ్య ఆ నల్ల ఆడగుర్రం రాబోయే ఏడు ఏ పందెంలో దిగుతుందో చూసిపెట్టమని అల్లుణ్ని అడిగారు.

నవంబరులో అమ్మానాన్నలు మెల్‌బోర్న్‌లో ఉంటే కప్పు తర్వాత వచ్చే శనివారం వాళ్లని ఫ్లెమింగ్టన్ తీసుకెళ్లండి. ఫోన్‌లో బెట్టింగ్ యాప్ ఉంటే ముందురోజే తీసేయండి. మొదటి రేసుకి గంట ముందే చేరుకుని గులాబీల దారి పక్కన కంచె దగ్గర చోటు పట్టండి, పిల్లల్ని ముందు నిలబెట్టండి. టోపీ, గొడుగు రెండూ వెంట పెట్టుకోండి. వెంట తీసుకెళ్లే తిండి గురించి ఆ ఏటి నిబంధనలు ఓసారి చూసుకోండి. మర్నాడు ఓపిక మిగిలితే ఫార్ ల్యాప్ చర్మంతో చేసి నిలబెట్టిన గుర్రం మెల్‌బోర్న్ మ్యూజియంలో గాజు అరలో ఉంది, చూసి రండి. పదహారేళ్లలోపు పిల్లలకి అక్కడ ప్రవేశం ఉచితం.